వసపిట్ట విన్న గొంతు

ఆ పరీక్షల మైదానం మీద పొద్దున్నే మంచు దిగిందంటే మధ్యాహ్నం దాకా కదలదు. టవరు నడుము వరకే కనిపిస్తుంది, ఆ పైన ఏముందో నమ్మకం మీద ఒప్పుకోవాల్సిందే. అవతలి అంచున, నడిస్తే కాళ్ళు పీకేంత దూరంలో, పాత రాడార్ బండి ఒకటి మంచులో మునిగి ఉంటుంది. దాని యాంటెన్నా తిరుగుతున్నప్పుడు మాత్రం, ఆరేసిన దుప్పటి వెనక ఎవరో చెయ్యి ఊపినట్టు ఒక నీడ వచ్చి పోతుంటుంది. కంట్రోలు గదిలో కిటికీ పక్కన కూర్చుని ఆ నీడనే చూస్తున్న మనిషికి ఆఫీసు కాగితాల్లో ఏ పేరున్నా, అక్కడందరికీ ఆమె పరధ్యానం మేడం. టీ కప్పులో పెన్ను ముంచి, పెన్నుల డబ్బాలో చెంచా పెట్టిన రోజున వచ్చిన పేరు అది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం తెచ్చుకుందామనుకుంది గాని మరిచిపోయింది.

ఆమె పని వినడం. గాలిలో తిరిగే రాడార్ల పల్సులను పట్టుకుని ఏది ఎవరి గొంతో విడదీసే ప్రోగ్రాములు రాస్తుంది. తోటివాళ్ళు వాటిని పల్సులంటారు, ఆమె మాత్రం మనసులో పలుకులనుకుంటుంది. ఎదురుగా ఇంత తెర ఉన్నా, వాటిని శబ్దంగా మార్చుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని వింటేనే ఆమెకు తృప్తి. కొన్ని రాడార్లు కీచురాయిలా ఒకే శ్రుతి పట్టుకుని వదలవు. కొన్ని కుట్టుమిషనులా గబగబా పోయి, గుడ్డ తిప్పుకోవడానికన్నట్టు ఆగి, మళ్ళీ పోతాయి. అలా వింటూ వింటూ ఉంటే ఆమెకు ఎక్కడున్నదీ తెలియకుండా పోతుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆమె కునుకు తీస్తోందనుకుని తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోతుంటారు. ఆ మర్యాద ఆమెకు బాగానే ఉంది.

వాళ్ళ బృందం ఏళ్ళ తరబడి తయారుచేస్తున్న యంత్రం శత్రువు రాడార్‌ను తికమక పెట్టేది. రాడార్ ఒక పలుకు పంపుతుంది, అది దేనికైనా తగిలి తిరిగొస్తే అక్కడ విమానం ఉందని తెలుసుకుంటుంది. ఈ యంత్రం ఆ పలుకును దారిలో పట్టుకుని, అచ్చం అదే గొంతుతో, కాస్త ముందో కాస్త వెనకో మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. పాపం ఆ రాడార్‌కు ఒక విమానం ఉన్నచోట విమానాల గుంపు కనిపిస్తుంది. ఊరుకోకుండా వాగుతుంది కాబట్టి ఆఫీసంతా దాన్ని వసపిట్ట అని పిలుస్తారు. అయితే తను వాగుతూనే ఉంటే ఎదుటివాడు ఉన్నాడో పోయాడో తెలియదు కదా. అందుకని మధ్యమధ్య రవ్వంత సేపు నోరు మూసుకుని వింటుంది. రాడార్ ఇంకా పలుకుతుంటే మళ్ళీ అందుకుంటుంది, రాడార్ ఆగితే తనూ ఆగుతుంది. ఆ రవ్వంత సేపును వాళ్ళు ఊపిరి అంటారు. వసపిట్ట ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో, ఆ ఊపిరిలో ఏం వినాలో రాసింది పరధ్యానం మేడమే. ఇది నాది అని ధైర్యంగా చెప్పుకోగలిగిన వస్తువులు ఆమెకు ఎక్కువ లేవు. ఆ ఉన్నవాటిలో ఊపిరి ఒకటి.

ఆ సోమవారం పరీక్షలో అన్నీ సవ్యంగా జరిగాయి. చివరి అంకం ఒక్కటే మిగిలింది. రాడార్ ఆపాలి, వసపిట్ట తనంతట తను నోరు మూసుకోవాలి.

"అక్కా, ఇక ఆపెయ్" అన్నాడు బాబాయి వాకీటాకీలో. కేబుళ్ళు, యాంటెన్నాలు చూసుకునే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బాబాయనే అంటారు.

"ఆపేశా బాబాయ్" అంది అవతల బండిలో రాడార్ నడిపే రాడారక్క గొంతు, గరగరమంటూ.

తెర మీద, వసపిట్ట వినే పలుకులను చూపే రాడార్ గీత అలాగే ఉంది. వసపిట్ట వాగుతూనే ఉంది.

"ఆపమన్నానక్కా."

"ఆపేశానంటున్నాగా!"

గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నిలబడ్డ పెద్దసారు, అంటే ఆ ప్రాజెక్టు అధిపతి, కిటికీ వైపు వేలు చూపించాడు. "అదిగో, ఇంకా తిరుగుతూనే ఉంది."

"తిరగడం వేరు, పలకడం వేరు సార్" అన్నాడు బాబాయి. "పల్సు ఆపినా యాంటెన్నా తిరుగుతూనే ఉంటుంది."

"పలకడం కూడా కనిపిస్తూనే ఉందిగా తెర మీద. ఊపిరి ఊపిరికీ వింటోంది. యంత్రానికి ఆవిడ మీద పగేమైనా ఉందా? నిద్రలో ఉండుంటుంది. కట్టేయండి ఇక" అని ఆయన వసపిట్టను ఆపించేశాడు. పరీక్ష నెగ్గినట్టే, చివర్లో రాడార్ నడిపే మనిషి పొరపాటు పడింది, అని అందరికీ వినపడేలా తేల్చేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. శుక్రవారం కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు, ఆయనకు కొన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేదు.

మధ్యాహ్నం రాడారక్కను పిలిపించారు. యాభై దాటిన మనిషి, దళసరి కళ్ళద్దాలు, మోచేతుల దగ్గర మాసికలు వేసుకున్న స్వెట్టరు. ఆ బండిలో ఒంటరిగా కూర్చుని ఎన్నేళ్ళుగా ఆ పాత రాడార్‌ను నడుపుతోందో చెప్పగలిగినవాళ్ళు ఆ ఆఫీసులో ఎవరూ మిగల్లేదు. అది శిక్షణ కోసం వాడే ముసలి రాడార్. చేత్తో తిప్పే స్విచ్చులే గాని, తను ఎప్పుడు పలికిందో ఎప్పుడు ఆగిందో గుర్తు పెట్టుకునే తెలివి దానికి లేదు. ఆ సంగతి తెలిసిన సాక్షి వసపిట్ట ఒక్కటే.

"నేను ఆపాను సార్" అంది ఆమె వస్తూనే.

పెద్దసారు అరవలేదు. తెరను ఆమె వైపు తిప్పాడు. "ఇది మీ రాడారే కదా? ఇక్కడ మీరు ఆపేశానన్నారు. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా చూడండి."

రాడారక్క వంగి, కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చుకుని ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత తన కుడిచేతిని చూసుకుంది. అరచెయ్యి, ఆ వెనక వేళ్ళు. అది ఎవరి చెయ్యో తన ఒళ్ళో మరిచిపోయి వెళ్ళినట్టు చూసింది.

"అయితే మర్చిపోయుంటాను సార్" అంది.

"వయసు మీద పడుతోంది, తప్పు కాదు" అన్నాడు పెద్దసారు మెత్తగా. "శుక్రవారం ఒక్కరోజు జాగ్రత్తగా కానిచ్చేయండి, ఈ బండి నడపడం ఇంకెవరికీ రాదు. ఆ తర్వాత విశ్రాంతి తీసుకోండి. కాంట్రాక్టు ఎలాగూ ఈ నెలతో అయిపోతోంది."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. పరధ్యానం మేడం తెరను మళ్ళీ తన వైపు తిప్పుకుంది. పొద్దున హెడ్‌ఫోన్లలో విన్న ఆ చివరి పలుకులు మాత్రం చెవిని వదలడం లేదు. అవి రాడారక్క రాడార్ పలుకులే, అనుమానం లేదు. కాని ఎందుకో మెత్తగా ఉన్నాయి.

* * *

ఇంట్లో ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె నీళ్ళ గ్లాసు నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేసింది. భర్త, బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో పట్టికలు వేసే మనిషి, కాసేపు ఓపిక పట్టి ఆ గ్లాసు ఆమె చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ శుక్రవారం గట్టెక్కితే చాలు నీకు" అన్నాడు. "అది కొంటామంటే ఆ విభాగం నీ చేతికొస్తుంది. వద్దంటే మొత్తం తీసుకెళ్ళి ఆ పక్క ల్యాబు వాళ్ళకి ఇచ్చేస్తారు, అంతేగా?"

"అంతే." ఆమె రాడారక్క సంగతి చెప్పింది. చెయ్యి చూసుకున్న సంగతి చెప్పడానికి మాత్రం చాలా సేపు పట్టింది.

అత్తగారు అప్పటిదాకా తల ఎత్తకుండా చపాతీ ముక్కలు పప్పులో నానబెట్టుకుంటోంది. పళ్ళు పోయాక ఆవిడ భోజనం నెమ్మదించింది, నోరు నెమ్మదించలేదు. "ఆవిడకి అలవాటుందా, మర్చిపోవడం?"

"లేదు అత్తయ్యా. మా ఆఫీసులో మర్చిపోవడం నా పని."

"మరి నీ జబ్బు ఆవిడకి అంటగట్టారేం?"

భర్త నవ్వాడు. ఆమె నవ్వలేదు. గిన్నెలు సర్దుతూ, ఒక గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టాల్సింది బట్టల అలమారులో పెట్టి, మళ్ళీ తీసి, ఆ మెత్తదనం గురించే ఆలోచిస్తూ ఉండిపోయింది.

మంగళవారం పొద్దున ఆఫీసులో ఎవరూ రాకముందే ఆమె రికార్డింగు పెట్టుకుని కూర్చుంది. సోమవారం మొదట్లో వచ్చిన పలుకులు విన్నది. నిక్కచ్చిగా, కత్తిరించినట్టు ఉన్నాయి. రాడారక్క ఆపేశానన్న తర్వాతివి విన్నది. శ్రుతి అదే, నడక అదే. అంచులు మాత్రం చాలాసార్లు ఉతికిన జేబురుమాలు అంచుల్లా పీచు దేలాయి. ఇంకా ముందుకు జరిపింది. ఇంకా మెత్తబడ్డాయి. ఇంకా ముందుకు జరిపింది. చివరికి అవి పలుకుల్లా లేవు, గోడ అవతల ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టు ఉన్నాయి. ఆ గొణుగుడు ఆమెకు జోలపాటలా తగిలింది. కళ్ళు మూతలు పడ్డాయి. ఎక్కడో తెల్లటి చోట తను కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది, అవతలివాళ్ళు తన మాటలే తనకు తిరిగి చెబుతున్నారు, అదేమీ వింతగా లేదు, ఎంతో హాయిగా కూడా ఉంది.

చటుక్కున కళ్ళు తెరిచి హెడ్‌ఫోన్లు తీసేసింది.

బాబాయి షెడ్డులో కేబుళ్ళు చుడుతున్నాడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య ఒక్క చుట్టు కూడా మెలిపడకుండా చుట్టడం ఆయన గర్వం.

"బాబాయ్, వసపిట్ట ఎప్పుడూ ఈ షెడ్డు మీదే కదా ఉండేది. టవరు మీదకి ఎప్పుడు ఎక్కించారు?"

"పోయిన వారమే మేడం. వచ్చేవాళ్ళకి ఘనంగా కనపడాలని పెద్దసారు ఎక్కించమన్నారు. నా నడుం విరిగింది. ఆ ఎక్కించిన రోజు మీరు అక్కడే ఉన్నారు, చప్పట్లు కూడా కొట్టారు."

ఆమెకు గుర్తు లేదు. టవరు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఇనప మెట్లు మంచుకు తడిసి జారుతున్నాయి. సగం దాకా ఎక్కేసరికి కింద నేల కనపడటం మానేసింది, పైన ఆకాశం ఇంకా రాలేదు, ఆ రెంటికీ మధ్య తను, తన ఊపిరి ఆవిరి. ఇంకొన్ని మెట్లు ఎక్కేసరికి తల మంచులోంచి బయటికి వచ్చింది. చుట్టూ తెల్లగా, కదలకుండా, ఎటు చూసినా మంచే. షెడ్డు లేదు, చెట్ల వరస లేదు, రాడార్ బండి లేదు. దూరంగా మాత్రం ఒక కొండ భుజాల దాకా తేలి ఉంది. ఆ భుజం మీద బారుగా కోళ్ళఫారాల రేకుల కప్పులు, అప్పుడే పొడిచిన ఎండకు తళతళలాడుతున్నాయి. షెడ్డు మీద ఉన్నన్నాళ్ళూ వసపిట్టకు చెట్లు అడ్డం, కొండ ఉందని కూడా తెలియదు. ఇప్పుడు ఎదురుబొదురు కూర్చోబెట్టినట్టుంది.

ఎందుకో ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "ఓయ్" అని గట్టిగా అరిచింది. ఏమీ తిరిగి రాలేదు. మనిషి గొంతుకు అంత సత్తువ లేదు.

"ఎవర్ని పిలుస్తున్నారు మేడం?" అన్నాడు బాబాయి, కనపడకుండా కింద నుంచి.

"ఎవర్నీ లేదు బాబాయ్. తిరిగొస్తుందేమోనని."

కాసేపటికి కింద నుంచి "జాగ్రత్తగా దిగండి" అని మాత్రం వినపడింది.

ఆ తర్వాత రోజున్నర ఆమె కుర్చీలోంచి లేచింది తక్కువ. రాడార్ పలుకులకు వాటి నడక వాటిది, వసపిట్ట ఎప్పుడు మాట్లాడినా ఎప్పుడు మానినా వాటికి లెక్క లేదు. ఆ మెత్తటి పలుకులు అలా లేవు. వసపిట్ట నోరు మూసుకున్న ప్రతిసారీ, సరిగ్గా కొండ దాకా వెళ్ళి రావడానికి పట్టేంత ఆలస్యంతో వచ్చాయి. వసపిట్ట ముందు మాట్లాడితే ముందు, వెనక మాట్లాడితే వెనక, తోకలా వెంటబడ్డాయి. రాడారక్క స్విచ్చు ఆపేసిన క్షణం నుంచి వసపిట్ట విన్నది తన గొంతునే. తన పలుకు కొండకు తగిలి తిరిగొస్తే శత్రువు ఇంకా ఉన్నాడనుకుంది, జవాబు చెప్పింది. ఆ జవాబు తిరిగొచ్చింది. దానికీ జవాబు చెప్పింది. ఊపిరిలో ఎవరైనా పలుకుతున్నారా అని వినమని ఆమె రాసింది గాని, ఆ పలికేది నువ్వేనేమో చూసుకో అని రాయలేదు. అది రాయాలని ఆమెకు తట్టనే లేదు.

తప్పు దొరికినప్పుడు ఆమెకు ఎప్పుడూ ఒక చిన్న సంతోషం కలుగుతుంది. ఈసారీ కలిగింది. వెంటనే రాడారక్క తన చెయ్యి చూసుకోవడం గుర్తొచ్చి, ఆ సంతోషానికి సిగ్గుపడింది.

* * *

పెద్దసారు అంతా విన్నాడు. విన్నంతసేపూ రెండు వేళ్ళతో కణతలు నొక్కుకుంటూనే ఉన్నాడు.

"నిజమేనంటారా?"

"నిజమే సార్."

"ఎల్లుండి డెమో పెట్టుకుని ఇప్పుడు చెప్తున్నారు." లేచి తలుపు వేసి వచ్చాడు. "సరే, వినండి. రేపు దాన్ని టవరు మీంచి దింపించి మళ్ళీ షెడ్డు మీద పెడదాం. కొండ కనపడదు. ఆవిడ రాడార్ ఆపుతుంది, ఇది ఆగుతుంది. వాళ్ళు సంతకం పెడతారు. తర్వాత తీరిగ్గా సరిచేసుకోండి, ఎవరు వద్దన్నారు?"

"మరి అక్క సంగతి?"

"ఆవిడ ఒప్పుకుంది కదా."

"మీరు గీత చూపిస్తే ఒప్పుకుంది సార్. ఆ గీత తప్పు."

ఆయన తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. "ఆవిడ తప్పు లేదంటే, మరి ఎవరిదని అడుగుతారు. మీ పేరు చెప్పనా? చెప్పమంటే చెప్తాను. ఇన్నేళ్ళ పని, బయట పన్నెండు మంది, వాళ్ళ ఇళ్ళు. అందరి నోట్లో మట్టి కొట్టి ఒక్క మనిషికి న్యాయం చేద్దామా?"

ఆయన గొంతులో వెటకారం లేదు. ఆయన నిజంగానే అడిగాడు. ఆమె తలుపు తీసుకుంది. బయటికొచ్చి, ఎటు పోతున్నదీ చూసుకోకుండా నడిచింది. కాళ్ళు మైదానం వైపు పట్టుకుపోయాయి. మంచులో గడ్డి తడికి చెప్పులు నానిపోయాయి. ముందు రాడార్ బండి హీటరు వాసన వచ్చింది, తర్వాత బండి వచ్చింది.

తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల రాడారక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పల్సు స్విచ్చు పక్కన ఎర్ర టేపు ముక్క ఒకటి కొత్తగా అంటించి ఉంది. ఆమె చెయ్యి చాచి స్విచ్చు కిందికి దించింది. "ఆపాను" అని పైకి అంది. మళ్ళీ పైకి ఎత్తింది. మళ్ళీ దించింది. "ఆపాను." బళ్ళో ఎక్కాలు వల్లించే పిల్లలా అంటోంది.

పరధ్యానం మేడం తలుపు మీద తట్టింది.

"రండి మేడం, రండి. కూర్చోండి, ఆ పెట్టె మీద కూర్చోవచ్చు, గట్టిదే." కంగారుగా లేచి, స్వెట్టరు సర్దుకుంది. "శుక్రవారానికి అలవాటు చేసుకుంటున్నా. మళ్ళీ మీకు తలవంపులు తేకూడదు కదా."

"అక్కా, సోమవారం మీరు ఆపినట్టు మీకు గుర్తుందా?"

"గుర్తుందనే అనుకున్నా." ఆమె మళ్ళీ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ గీత చూశాక ఆ గుర్తు కూడా కలేమో అనిపిస్తోంది మేడం. మొన్న పొయ్యి ఆపానా లేదా అని రెండు మూడుసార్లు వంటింట్లోకి వెళ్ళి చూశాను. నిన్న బస్సెక్కాక ఇంటికి తాళం వేశానో లేదోనని దిగి వెనక్కెళ్ళాను. వేసే ఉంది. పొద్దున మా చెల్లెలు ఫోను చేస్తే, నిన్న నీతో మాట్లాడానా అని అడిగాను. అది భయపడిపోయింది. ఉద్యోగం పోతే పోయింది మేడం, ఎప్పటికైనా పోవాల్సిందే. ఇలా ఎప్పట్నుంచి చేస్తున్నానో, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆపకుండానే ఆపానన్నానో, అదే తిండి తిననివ్వడం లేదు."

"మీరు ఆపారక్కా." పరధ్యానం మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "నూటికి నూరుపాళ్ళు ఆపారు. అది మా వసపిట్ట చేసిన పని. కొండకి తగిలి తన గొంతే తిరిగొస్తే, మీరింకా పలుకుతున్నారనుకుంది. నేను రాసిన దాంట్లోనే తప్పుంది."

రాడారక్క ఆమె మొహంలోకి చాలా ప్రేమగా చూసింది. తర్వాత రెండో చెయ్యి తెచ్చి ఆమె చేతి మీద వేసి తట్టింది. "మీ మనసు మంచిది కాబట్టి అంటున్నారు మేడం."

"మంచితనానికి కాదక్కా, నిజం."

"సరే, నిజమే" అంది ఆమె, జ్వరం వచ్చిన పిల్లతో అన్నట్టు. "మీరు టీ తాగుతారా? ఫ్లాస్కులో ఉంది. మూత సరిగ్గా పెట్టానో లేదో చూడాలి."

పరధ్యానం మేడం ఆ టీ తాగింది. చల్లారిపోయి ఉంది. ఏడుపు వచ్చింది గాని, ఏడిస్తే అది కూడా మంచితనం కింద జమ వేస్తుందని భయపడి ఆపుకుంది. తిరిగి నడిచి వస్తూ నేరుగా షెడ్డుకు పోయింది.

"బాబాయ్, రేపు వసపిట్టని దింపమన్నారు కదా. దింపకండి."

బాబాయి చుడుతున్న కేబులు ఆపాడు. "పెద్దసారు అడిగితే?"

"నేను వద్దన్నానని చెప్పండి."

"అలా చెప్తే మీ పీకల మీదకొస్తుంది." ఆయన కాసేపు ఆలోచించి, నడుం మీద చెయ్యి వేసుకుని, మొహం బాధగా పెట్టాడు. "రేపొద్దున్నించి నాకు నడుం పట్టేసింది మేడం. మెట్లెక్కే ప్రశ్నే లేదు."

* * *

శుక్రవారం మంచు ఇంకా దట్టంగా దిగింది. వచ్చినవాళ్ళు నలుగురు, ఇస్త్రీ చెదరని బట్టల్లో, కోట్లు విప్పకుండా ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె మాత్రం పక్కన పెట్టిన బిస్కట్లు ఒక్కొక్కటే తింటూ తెరను తదేకంగా చూస్తోంది. పెద్దసారు ఒకసారి కిటికీలోంచి టవరు వైపు చూశాడు. టవరు నడుము వరకే ఉంది. పైన ఏముందో ఆయనకు కనపడలేదు, ఆయన అడగలేదు.

మొదట అంతా కలలో జరిగినట్టు సాఫీగా జరిగింది. రాడార్ పలికింది, వసపిట్ట అందుకుంది, రాడార్ తెర మీద లేని విమానాలు పిట్టల్లా లేచాయి. ఒకాయన "బాగుంది" అన్నాడు. ఇక చివరి అంకం.

"అక్కా, ఆపండి" అంది పరధ్యానం మేడం వాకీటాకీలో.

"ఆపాను మేడం" అంది రాడారక్క. ఒక్కో అక్షరం ఒత్తి పలికింది.

గీత ఆగలేదు.

పెద్దసారు ముందుకు వచ్చాడు. "చిన్న పొరపాటు. అక్కడ నడిపే మనిషి పెద్దావిడ, కాస్త..."

"పొరపాటు ఆవిడది కాదు సార్" అంది పరధ్యానం మేడం. గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలియదు. మళ్ళీ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "అక్కా, మెయిన్ కూడా తీసేయండి. బండికి తాళం వేసి, ఇక్కడికి నడిచి రండి."

వాకీటాకీలో కాసేపు గరగర. "నేనా మేడం? అక్కడికా?"

"అవునక్కా. నెమ్మదిగానే రండి. మేం ఉంటాం."

అందరూ కిటికీ వైపు తిరిగారు. మంచులో తిరుగుతున్న ఆ నీడ ఒకసారి వచ్చింది, ఇంకోసారి సగం వచ్చి ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లగా ఉంది. తెర మీద గీత నడుస్తూనే ఉంది. హెడ్‌ఫోన్లు బల్ల మీద పడి ఉన్నాయి, వాటిలోంచి సన్నగా ఆ పలుకులు బయటికి వస్తున్నాయి, ఊపిరి ఊపిరికీ మెత్తబడుతూ. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకే నిద్రలో ఉన్నట్టుగా ఉంది. పెద్దావిడ చేతిలో బిస్కట్టు అలాగే ఉండిపోయింది. పెద్దసారు ఒకసారి వసపిట్టను ఆపే మీట వైపు చెయ్యి చాపాడు. చాపిన చేతిని తనే వెనక్కి తీసుకున్నాడు.

చాలాసేపటికి తెలుపులో ఒక మచ్చ కనపడింది. అది పెరిగి స్వెట్టరయింది, కళ్ళద్దాలయింది. రాడారక్క గడ్డిలో ఒక్కో అడుగే చూసి వేస్తూ, తల దించుకుని, పిలిపించి తిట్టబోతున్నారన్న నడకతో వస్తోంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఆమెను చూశారు, గీతను చూశారు, మళ్ళీ ఆమెను చూశారు.

ఆమె లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. కళ్ళద్దాలు మసకబారాయి. స్వెట్టరు అంచుతో తుడుచుకుంటూ, "క్షమించండి సార్, నేను ఆపానే..." అని మొదలుపెట్టింది.

పరధ్యానం మేడం లేచి, తన కుర్చీ తెర ముందుకు లాగింది. "ఇక్కడ కూర్చోండక్కా. ఇదెవరో చూసి చెప్పండి."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. వంగి గీతను చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, సోమవారం చూసినట్టే. "నా రాడారే కదా" అంది. "పలుకుతోంది."

"బండిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేను ఇక్కడుంటే ఇంకెవరుంటారు?"

"కరెంటు?"

"మెయిన్ తీసేసి తాళం వేసొచ్చా..." ఆమె ఆగిపోయింది. గీత నడుస్తోంది. ఆమె దాన్ని చూస్తోంది. పెదాలు ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కదిలాయి. చెయ్యి ఎత్తి, తెరకు తగలనంత దగ్గరగా, నడుస్తున్న ఆ గీతను వేలితో వెంబడించింది.

"అయితే ఆ రోజు నేను ఆపాను" అంది మెల్లగా.

"ఆపారక్కా."

"నేను ఆపాను" అంది మళ్ళీ, ఈసారి గదిలో అందరికీ. పెద్దసారు వైపు తిరిగి, కోపం లేకుండా, ఒక వార్త చెబుతున్నట్టు చెప్పింది. "నేను ఆపాను సార్." కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు దిగుతున్నాయి, తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. పరధ్యానం మేడంకు ఒళ్ళంతా తేలికైపోయింది. పోయేదంతా ఇప్పుడు పోతుందని తెలుసు, అయినా తేలికైపోయింది.

ఆమె వసపిట్టను ఆపింది. గీత తెగిపోయింది. వచ్చినవాళ్ళ వైపు తిరిగి, ఇది తన గొంతునే శత్రువనుకుంటోందనీ, ఆ లోపం తను రాసిన దాంట్లో ఉందనీ, సోమవారం ఆ లోపాన్ని ఈవిడ మీద వేశామనీ చెప్పింది. పెద్దావిడ బిస్కట్టు కింద పెట్టి, "ఎప్పటికి సరిచేస్తారు?" అని అడిగింది.

"తెలీదండీ. ముందు వినడం మళ్ళీ మొదట్నుంచి రాయాలి."

"అయితే ఇవాళ మేము సంతకం పెట్టలేం."

"పెట్టకండి" అంది పరధ్యానం మేడం. వెనక ఎవరో నిట్టూర్చారు. బహుశా ఆ పన్నెండు మందిలో ఒకరు.

వాళ్ళు కోట్ల బొత్తాలు సర్దుకుని లేచారు. పెద్దసారు కిటికీ దగ్గర నిలబడి కాసేపు మంచును చూశాడు. తిరిగినప్పుడు ఆయన మొహం బాగా అలిసిపోయి ఉంది గాని, కణతలు నొక్కుకోవడం మానేశాడు. "మార్చిన ప్రతిసారీ పరీక్ష పెట్టాలి కదా" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "రాడార్ లేకుండా పరీక్ష ఎలా పెడతాం? కాంట్రాక్టు సంగతి నేను చూస్తాను. సోమవారం రండి." ఆ మాట రాడారక్కతో అన్నాడని ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"వస్తాను సార్" అంది.

ఆమె లేచి, స్వెట్టరు సర్దుకుని, గుమ్మం దాటింది. బాబాయి నడుం సంగతి పూర్తిగా మరిచిపోయి, షెడ్డులోంచి పరుగున వచ్చాడు. "అక్కా! బండిలో హీటరు కట్టేసి వచ్చావా లేదా?"

పరధ్యానం మేడం గుమ్మంలోనే ఆగిపోయి ఆమె వైపు చూసింది. రాడారక్క వెనక్కి తిరగలేదు, మైదానం వైపు కూడా చూడలేదు. బస్సు స్టాపు వైపు నడుస్తూనే, చెయ్యి ఒకసారి గాలిలో ఊపింది.

"కట్టేశా బాబాయ్" అంది.